కట్టు కట్టలేని చోటు

ఇప్పుడు నేను బాగున్నాను. ఈ మాట రాసి, కలం ఆపి, నిజమేనా అని ఒకసారి నన్ను నేను చూసుకుని మళ్ళీ రాస్తున్నాను. ఈ జబ్బు పడి లేచినవాళ్ళకు ఆ అలవాటు ఒకటి మిగిలిపోతుంది. పొద్దున మొహం కడుక్కోకముందే లోపల ఎలా ఉందో తడిమి చూసుకుంటాం.

మాది నగరి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. పిల్లలు వెనకాల నన్నేమని పిలుస్తారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. కోపిష్టి దాన్ని. నోటికి ఎంతొస్తే అంత అనేస్తాను. అలాంటి నేను పోయిన ఏడాది కొన్ని నెలల పాటు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నాను. ఆ నెలల్లో కొన్ని వారాలు నాకు అసలు గుర్తు లేవు, ఇంట్లోవాళ్ళు చెబితే తెలిసినవే. కాబట్టి దీనిలో కొంత నేను పడినది, కొంత నా గురించి నేను విన్నది. ఎవరింట్లోనైనా ఒకరు గోడవైపు తిరిగి పడుకుని లేవకపోతే, మేము చేసిన పొరపాటు వాళ్ళు చేయకుండా ఉంటే చాలని రాస్తున్నాను.

జూన్

బడి తెరిచిన కొద్ది రోజులకే నా కుడి చెయ్యి లేవలేదు.

నల్లబల్ల మీద పాఠం పేరు రాయబోయాను. చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. నొప్పి అని చెప్పలేను, బరువు. నా చేతిని ఇంకెవరిదో చేతిలా మోస్తున్నట్టు ఉంది. సుద్దముక్క జారి పడింది. ముందు బెంచీ పిల్ల తీసి ఇచ్చింది. మళ్ళీ ఎత్తబోయాను, లేవలేదు. "పుస్తకంలో చూసి మీరే రాసుకోండి" అని కుర్చీలో కూలబడ్డాను. ఆ పూట నేను ఎవరినీ తిట్టలేదు. పిల్లలకు అదే అనుమానం వచ్చి ఉండాలి.

నిజానికి అది వేసవిలోనే మొదలైంది. చీకటి ఉండగానే మెలకువ వచ్చేది, మళ్ళీ నిద్ర పట్టేది కాదు. మామిడి పండు కోసి పెడితే రుచి తెలియలేదు. ఎండలు అలా ఉన్నాయిలే అనుకున్నాను. మనసుకు జబ్బు చేస్తుందని పుస్తకంలో చదివినదాన్నే, పిల్లలకు చెప్పినదాన్నే. మన దాకా వస్తే ఎండలు అనుకుంటాం.

మా అమ్మ మాతోనే ఉంటుంది. తల దువ్వుకోలేక దువ్వెన పట్టుకుని నిలబడిన నన్ను చూసి ఆమె మొహం నల్లబడింది.

"మీ నాయనకూ ఇట్లే రెక్క లేవలే" అంది.

నాయన గుంటమగ్గం నేసేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక పొద్దున మగ్గం గుంటలోకి దిగి, పేక దారం నడిపే నాడె తాడు లాగడానికి చెయ్యెత్తలేక అలాగే కూర్చుండిపోయాడు. పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించారు. కట్టు విప్పాక కూడా ఆయన మగ్గం జోలికి పోలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి తగ్గింది, తర్వాత మానేశాడు. గాలి సోకిందన్నారు కొందరు. ఒళ్ళు వంగడం లేదన్నారు ఇంకొందరు. ఆ ఏడు దాటలేదు. కట్టు సరిగ్గా కుదరలేదు కాబట్టే మనిషి పోయాడని అమ్మ అప్పటికీ అనుకునేది. అందుకే నా విషయంలో ఆలస్యం చేయదలచుకోలేదు.

మా వైపు చెయ్యి పట్టేసినా, కాలు మడత పడినా పుత్తూరు పోవడం ఆలోచించి చేసే పని కాదు. మరుసటి రోజే బస్సెక్కాం. కట్టు కట్టే చోట బైకు మీంచి పడ్డ కుర్రాళ్ళు, బావి దగ్గర జారిన ముసలమ్మలు వరసగా కూర్చుని ఉన్నారు. కట్టు కట్టే ఆయన నా భుజం నుంచి వేళ్ళ దాకా నొక్కి చూశాడు.

"ఇరగలేదమ్మా. జరగలేదు గూడా. ఎముక బంగారం మాదిరుండాది."

"బంగారమైతే ఎత్తల్ల గదప్పా!" అని అమ్మ ఎగిరింది. "మా ఇంటాయనకు కట్టు నిలవలే. ఈ బిడ్డకన్నా గట్టిగా కట్టు."

"కట్టమంటే కడతానమ్మా. కీడేం లేదు" అని ఆయన ఆకు పసరు, గుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టాడు.

చెప్పకేం, ఆ కట్టుతో ఉన్న రోజులు నా జబ్బులో కాస్త మేలైనవి. బడిలో తోటి టీచర్లు నా సంచి మోశారు. పక్కింటావిడ సంగటి, పప్పు తెచ్చి పెట్టింది. బస్సులో లేచి సీటిచ్చారు. నేను మాట్లాడకపోతే నొప్పి అనుకున్నారు, ఏడిస్తే నొప్పి అనుకున్నారు. లోపల ఏం జరుగుతోందో నాకే తెలియని రోజుల్లో ఆ గుడ్డ నా తరఫున జవాబు చెప్పింది.

జూలై, ఆగస్టు

కట్టు విప్పారు. చెయ్యి పాలిపోయి, పసరు వాసన వేస్తూ బయటికి వచ్చింది. ఎత్తమన్నారు. ఎత్తలేకపోయాను.

అప్పటి నుంచి మొహాలు మారాయి. కట్టు లేని మనిషికి ఏం నొప్పి? "ఇంగా ఏంది టీచరమ్మా, అన్నీ ఉండాయి నీకు" అని పక్కింటావిడ మామూలుగానే అడిగింది. నిజంగానే అన్నీ ఉన్నాయి. ఉద్యోగం, మంచివాడైన మొగుడు, మా బడిలోనే పదో తరగతికి వచ్చిన కూతురు పావని. ఇవన్నీ ఉండి కూడా బతకాలని అనిపించకపోవడం నా తప్పే అనిపించి మరింత కుంగిపోయాను. సెలవు పెట్టాను. గోడవైపు తిరిగి పడుకున్నాను.

అమ్మ, మా బావ నా గురించి గొడవ పడటం నాకు వినిపించేది. బావ అంటే నా భర్త మునిరత్నం, మా నాయన చెల్లెలి కొడుకు. ఆర్టీసీలో కండక్టరు. బస్సులో అందరి మీదా అరిచి అరిచి వస్తాడు కాబట్టో ఏమో, ఇంట్లో నోట్లో నాలుక లేనట్టే ఉంటాడు. అమ్మ ఇంకో కట్టు అంటుంది, కాదంటే కొండకు నడిపించుకుపోయి తల నీలాలు ఇప్పిద్దాం అంటుంది. ఒక మధ్యాహ్నం నేను అన్నం తట్ట పక్కకు నెట్టేశాను. బావ ఆ తట్టనే చూస్తూ ఉండిపోయాడు.

"అత్తా, మామ గూడా ఇట్లే నెట్టేవాడు. నేను సిన్నోడినే గానీ, నాకు గెవనం ఉండాది" అన్నాడు. "ఇది చెయ్యి గాదు. రేపు తిరపతికి పిల్సకపోతా ఉండా."

ఆయన అంత గట్టిగా మాట్లాడటం మా పెళ్ళయ్యాక అదే మొదలు. బస్సు తిరుపతిలోకి వచ్చాక ఆస్పత్రి స్టాపు దగ్గర నన్ను పట్టుకుని దింపుతూ, "ఈ స్టాపుకు ఎన్నేండ్లుగా టిక్కెట్లు కొడతా ఉండానో, ఒగసారి గూడా దిగలే సుగుణా" అన్నాడు. ఆయన గొంతు వణికింది. నాకు ఏమీ అనిపించలేదు. ఆ వణుకు గుర్తుంది, దానికి నాలో ఏమీ కదలకపోవడం కూడా గుర్తుంది. ఈ జబ్బులో భయంకరమైనది ఏడుపు కాదు, ఏడుపు కూడా రాకపోవడం.

మానసిక వైద్యం విభాగం వరండా పొడుగ్గా ఉంటుంది. ఎముకల విభాగం ముందు కూర్చున్నవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, ఎక్కడ పడ్డావు, ఎలా పడ్డావు అని. ఇక్కడ ఎవరూ అడగరు. తెలిసినవాళ్ళు కనిపిస్తారేమోనని కొంగు, టోపీ, చున్నీ, ఏదో ఒకటి మొహానికి అడ్డం. వరండా చివర కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. అమ్మ అక్కడ నిలబడి చేతులు జోడించుకునే ఉంది.

డాక్టరు మా ఊళ్ళ వైపు ఆవిడే, నా వయసు ఉంటుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా జరిగిందా అని అడిగింది. బావ నాయన సంగతి చెప్పాడు.

"మీది మేనరికమా?"

"అవునండీ."

"అంటే వాళ్ళ నాయనకు మీరు మేనల్లుడు."

"అవునండీ" అని బావ తల వంచుకున్నాడు.

డాక్టరు మాటలో తప్పు పట్టడం ఏమీ లేదు. అయినా గదిలో అందరం ఒకేసారి ఒకే వైపు చూశాం. పావని తలుపు దగ్గర నీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు దాన్ని ఇంట్లో ఒంటరిగా వదలలేక వెంట తెచ్చుకున్నాం. తల్లి వైపు నుంచి ఆ తాతే, తండ్రి వైపు నుంచి కూడా ఆ ఇంటి రక్తమే. అది పదో తరగతి పిల్ల, పైగా జీవశాస్త్రం టీచరు కూతురు. లెక్క దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

మాత్రలు రాసిచ్చింది. పని చేయడానికి వారాలు పడుతుందని, మధ్యలో ఆపవద్దని, చచ్చిపోవాలనే ఆలోచన వస్తే దాచకుండా చెప్పమని, ఇంట్లోవాళ్ళు నన్ను ఒంటరిగా వదలవద్దని చెప్పింది. ఇన్ని వారాలు ఎందుకని అడిగానట. ఆ రోజు నేను మాట్లాడిన ఒకే ఒక్క మాట అదేనని బావ చెబుతాడు.

ఆవిడ నా ఉద్యోగం తెలుసుకుని ఓపికగా చెప్పింది. మాత్ర పడిన కొన్ని గంటల్లోనే మెదడులో కొన్ని రసాయనాలు పెరుగుతాయి. కానీ మనిషికి మేలు తెలియాలంటే నరకణాలు తమ పని తీరు మార్చుకోవాలి. దానికి కణం లోపల ఏ జన్యువులు పని మొదలుపెట్టాలో, ఏవి ఊరుకోవాలో మారాలి. వాటిని బట్టి కొత్త ప్రోటీన్లు తయారై, కణాల మధ్య వదులైన అతుకులు మళ్ళీ బిగియాలి. అది పంట లాంటిది, వేసిన రోజే రాదు.

ఇంత చెబితే నాకు వినిపించింది ఒకటే మాట, జన్యువు. ఇరవై ఏళ్ళుగా తరగతిలో నేను చెప్పే మాట. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం, పుట్టినప్పుడు వచ్చింది పోయేదాకా మారదు. అయితే నాయన నాకు ఇచ్చింది ఇదన్నమాట. నేను పావనికి ఇచ్చింది కూడా ఇదే. ఇక మాత్ర ఎందుకు, మందు ఎందుకు? ఆ క్షణం నుంచి నాకు నా మీదే కాదు, నా వెనక రాబోయే పిల్ల మీద కూడా ఆశ పోయింది.

సెప్టెంబరు

మాత్రలు పంట పండించే లోపల నేను నీళ్ళు కూడా మానేశాను. మొండితనం కాదు. గ్లాసు పట్టుకోవడం, ఎత్తడం, మింగడం, ఇన్ని పనులు నా వల్ల కాలేదు. ఆస్పత్రిలో చేర్చుకున్నారు.

డాక్టరు బావను పిలిచి, ఇంక మాత్రల కోసం ఆగితే ప్రమాదమని, ఈసీటీ ఇద్దామని చెప్పింది. మెదడుకు కొద్దిపాటి కరెంటు. అమ్మ నెత్తి బాదుకుంది.

"కరెంటా? పిచ్చోళ్ళకు పెట్టేది గదా అది! నా బిడ్డ టీచరు. ఈదిలో నేను తలెత్తుకుని తిరగల్లా వద్దా? మునిరత్నం, నువ్వు ఒప్పుకుంటే నేను కొండ మీదినుంచి దూకతా."

"అత్తా, కట్టు కట్టించినారు గదా. నేనేమన్నా అన్నానా?" అన్నాడు బావ. "ఇప్పుడు నన్ను జెయ్యనీ."

సంతకం నాతో కూడా పెట్టించారు. పెన్ను పట్టుకోవడానికి బావ నా చెయ్యి ఎత్తి కాగితం మీద పెట్టాడు. నాకు ఒప్పుదలా భయమా ఏమీ లేదు. ఏం చేసినా చేసుకోండి అనే స్థితి. అంత నిస్సహాయత నేను అంతకు ముందు ఎరగను, మళ్ళీ ఎరగకూడదు.

ఈసీటీలో మనిషి ఏమీ తెలియనంత నిద్రలో ఉంటాడు. మెలకువగా ఉన్న మనిషికి షాకులు కొట్టినట్టు ఊహించుకుని భయపడేవాళ్ళ కోసం చెబుతున్నాను. ముందు రోజు తలంటు పోసుకోవాలి, జుట్టుకు నూనె ఉండకూడదు, పొద్దున కడుపు ఖాళీగా ఉండాలి. చేతికి సూది, ముక్కు మీద గాలి గొట్టం, నోట్లో రబ్బరు ముక్క, అంతే నాకు తెలిసింది. లేచేసరికి దవడలు నొప్పి, తలనొప్పి, ఇది ఏ ఊరో తెలియకపోవడం. ఒకసారి బావను చూసి, "నువ్వు డ్యూటీకి పోలేదా?" అని అడిగానట. ఆయన సంబరపడి బయటికి పోయి ఏడ్చాడట.

లోహం ఏదీ ఒంటి మీద ఉండకూడదన్నారు. మొదటి రోజు నర్సు తాళి తీయమంటే అమ్మ మళ్ళీ రగడ మొదలుపెట్టింది. అప్పుడు పక్క మంచం దగ్గర తోడున్న ఆమె లేచి వచ్చింది. ఎస్తేరమ్మ, పలమనేరు వైపు పల్లె. ఆమె మొగుడికి కూడా అదే వైద్యం. ఆయన కూలికి పోయి వేరుశనగ పీకే మనిషి, ఒకరోజు చేను గట్టు మీద కూర్చుని మళ్ళీ లేవలేదట.

"ఏమ్మా, పసుపు కొమ్ము కట్టు. మా పక్కింటి అక్క అట్లే జేసింది" అని అమ్మతో చెప్పింది. పసుపు కొమ్ము ఎవరి దగ్గరా లేకపోతే తనే కిందికి పోయి అంగట్లో వెతికి తెచ్చింది. చర్చికి పోయే మనిషి, నా కోసం పసుపు కొమ్ము తెచ్చి, అమ్మ దారం కడుతుంటే నా జుట్టులో పిన్నులన్నీ ఒక్కొక్కటే ఊడదీసింది. "మీ దేవునికి నువ్వు జెప్పుమ్మా, మా దేవునికి నేను జెప్తా. ఎవురో ఒగరు వింటారు" అంది. అది నాకు గుర్తుంది. ఆ తర్వాతివి చాలా గుర్తు లేవు. ఎస్తేరమ్మ వాళ్ళు ఎప్పుడు ఇంటికి పోయారో, పోతూ నాతో ఏం చెప్పిందో తెలియదు. ఆ మనిషికి నయమైందో లేదో కూడా తెలియదు. ఎప్పుడైనా బస్సులో కనిపిస్తే బాగుండునని చూస్తూ ఉంటాను.

అక్టోబరు

నాకు బాగవుతోందని మొదట తెలిసింది నాకు కాదు, అమ్మకు. కొళాయి కట్టేయకుండా వదిలేసినందుకు పావనిని నేను పడుకున్న చోటు నుంచే, "నీళ్ళు మీ అబ్బ సొమ్మా?" అని అరిచానట. అమ్మ చేతిలో గంటె పడేసి వచ్చి, "తిట్టింది! మునిరత్నం, తిట్టింది!" అని వీధి దాకా పోయి చెప్పింది. నా తిట్లకు మా ఇంట్లో అంత గౌరవం దక్కడం అదే మొదలు, బహుశా అదే ఆఖరు.

చెయ్యి ఎప్పుడు లేచిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఒకరోజు ఉట్టి మీద ఉన్న డబ్బా తీస్తుంటే అమ్మ చూసింది, అంతే. అంటే అంతకు ముందే ఎప్పుడో లేచి ఉండాలి.

మళ్ళీ చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరును నేనే అడిగాను, ఆ కరెంటు లోపల ఏం చేసిందని. ఆ కరెంటుతో మెదడులో మూర్ఛ లాంటిది వచ్చినప్పుడు కొన్ని జన్యువులు గంట లోపలే పనికి లేస్తాయట. వాటి వెనక రోజుల తరబడి మరికొన్ని. నరకణాలు కొత్త కొమ్మలు వేయడానికి కావలసిన సరుకు అప్పుడు తయారవుతుందట. మాత్రలు కదిలించే జన్యువులు కొన్ని, ఇది కదిలించేవి కొన్ని, రెండు దారులూ అక్కడక్కడ మాత్రమే కలుస్తాయట.

"ఇదంతా ఎక్కువగా ఎలుకల్లో చూసిందమ్మా. మనిషి మెదడు బతికుండగా తెరిచి చూడలేం గదా. మాకు తెలిసింది తక్కువే" అంది.

"జన్యువు మారదా?" అని అడిగాను.

"జన్యువు అదే. దాని పని పెరగడం, తగ్గడం మారుతుంది."

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో నాకు నగరిలో పట్టు చీర నేసే మగ్గాలు గుర్తొచ్చాయి. పైన బొక్కల అట్టలు మాలగా వేలాడుతూ ఉంటాయి. అట్టలన్నీ మగ్గం మీదే ఉంటాయి, కానీ ఏ అట్ట వంతు వస్తే దాని దారాలే లేస్తాయి, ఆ పువ్వే పడుతుంది. నాయన దగ్గర అలాంటి మగ్గం లేదు, ఆయనది ఉత్త లుంగీల మగ్గం. పక్కింటి మగ్గం చూపించి ఆయనే నాకు ఇది చెప్పాడు. ఆయన కాలంలో ఎవరైనా ఆయన్ని ఆ బస్సు స్టాపులో దింపి ఉంటే అనుకున్నాను. అప్పుడు ఏడుపు వచ్చింది. ఏడుపు వచ్చినందుకు సంతోషం కూడా వేసింది.

కానీ పోయిన జ్ఞాపకాలు పోయాయి. ఆగస్టు చివర నుంచి దాదాపు దసరా దాకా నా దగ్గర ముక్కలు ముక్కలుగా ఉంది. కొన్ని మెల్లగా తిరిగి వస్తాయని, కొన్ని రాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పిందట. ఆ చెప్పడం కూడా నాకు గుర్తు లేదు.

అప్పుడే పావని చేస్తున్న పని నా కంట పడింది. పొద్దున బడికి పోయే ముందు అది తలుపు దగ్గర ఆగుతుంది. కుడి చెయ్యి పైకెత్తి ద్వారబంధం పైకమ్మీని వేళ్ళతో తాకుతుంది. తాకి, దించి, చెప్పులు వేసుకుని పోతుంది. ఏదో ఆట అనుకున్నాను. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. ఒక పూట నాకు అర్థమైంది. చెయ్యి లేస్తుందో లేదో చూసుకుంటోంది. మా ఇంట్లో ఆ జబ్బు మొదట చేతికే వస్తుందని దానికి తెలుసు. పదిహేనేళ్ళ పిల్ల రోజూ పొద్దున తనకు వంతు వచ్చిందా అని చూసుకుని బడికి పోతోంది.

అడగడానికి నోరు రాలేదు. కోపిష్టి దాన్నని మొదట్లోనే చెప్పాను కదా. ఆ కోపం అంతా ఎక్కడికి పోయిందో, ఆ పిల్ల ముందు మాత్రం దొంగలా తిరిగాను. ఏం చెప్పాలి? రాదు అని చెబితే అబద్ధం. వస్తుందంటే అదీ అబద్ధమే. అమ్మ అయితే దిష్టి తీసి, "నీకేం రాదులే పో" అనేసింది. బావ కూడా, "ఏం రాదు పాపా" అనేశాడు. పక్కింటావిడ కూడా అదే. అందరూ ఎంత త్వరగా అన్నారంటే, ఆ త్వరకే పిల్ల భయపడి ఉంటుంది.

ఫిబ్రవరి

నేను బడికి పోతున్నాను. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను, డాక్టరు ఆపమనే దాకా వేసుకుంటాను. ఆ సంగతి స్టాఫ్ రూములో దాచడం మానేశాను. ఒక టీచరు టీ తాగుతూ, "కరెంటు పెట్టించుకున్నారంట గదా" అని గొంతు తగ్గించి అడిగితే, "అవును, బిల్లు కూడా కట్టేశాం" అన్నాను. మళ్ళీ అడగలేదు.

పదో తరగతికి అనువంశికత పాఠం పునశ్చరణ చేయాల్సి వచ్చింది. బఠాణీ మొక్కలు, పొడవు, పొట్టి. ఎన్నో ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చెప్పిన పాఠం. ఆ పూట తల్లిదండ్రుల నుంచి వచ్చింది మారదు అనే చోటికి వచ్చి ఆగిపోయాను. మూడో బెంచీలో పావని కూర్చుని ఉంది. నోట్సులోకి తల వంచుకుని ఉంది. గంట కొట్టే దాకా నేను బల్ల మీద బొమ్మ గీస్తూ గడిపాను.

ఆ సాయంత్రం గట్టి నిర్ణయం తీసుకుని దాన్ని పిలిచి కూర్చోబెట్టాను. రోజుల తరబడి సిద్ధం చేసుకున్న పాఠం నా దగ్గర ఉంది. జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు రాదని, దాని పని పెరుగుతుంది తగ్గుతుందని, నిద్ర, దుఃఖం, మందు, ఇవన్నీ దాన్ని కదిలిస్తాయని, మగ్గం అట్టల సంగతి, అంతా. మేనరికం సంగతి కూడా దాచకూడదనుకున్నాను.

"పాపా, నీతో ఒక మాట చెప్పాల. నాకొచ్చింది నీకూ వస్తాదేమో అని నువ్వు..."

"అది అప్పుడే చెప్పినావు గదమ్మా" అంది, జడ వేసుకుంటూ.

"నేనా? ఎప్పుడు?"

"ఆస్పత్రిలో. నాయన టీ తాగను పోయినాడు. నేను అడిగితి. నీకు గెవనం లేదా?"

లేదు. వెతికాను. వరండా ఉంది, కొండ ఉంది, ఎస్తేరమ్మ వేళ్ళు ఉన్నాయి. పిల్ల నా మంచం పక్కన కూర్చుని తన బతుకులోకెల్లా పెద్ద ప్రశ్న అడిగిన పూట లేదు. నేను ఏమన్నానో తెలియదు. మతి స్థిమితం లేని ఆ రోజుల్లో ఏ మాట అనేశానో, పిల్ల ఇన్ని నెలలుగా దేన్ని మోస్తోందో.

"ఏమన్నాను పాపా?"

పావని జడ కొస వదిలేసి నా వైపు చూసింది.

"తెలీదన్నావు."

"అంతేనా?"

"అందరూ రాదు రాదు అంటా ఉన్నారు గదా. నువ్వొగదానివే తెలీదన్నావు. అన్నాక ఏడ్చినావు. నేనూ ఏడ్చినా. ఇంగొగటి గూడా అన్నావు."

"ఏంది?"

"చెయ్యి లేవకపోతే పుత్తూరికి పోవద్దు, ముందు నాకు జెప్పు అన్నావు."

అది నవ్వింది. నేను కూడా నవ్వబోయాను, కానీ నోరు వంకరపోయింది. ఇన్నాళ్ళూ అది తలుపు దగ్గర చెయ్యెత్తి చూసుకుంటున్నది భయంతోనే కాదు, నేను చెప్పాను కాబట్టి. లేవకపోతే వచ్చి నాకు చెప్పడానికి. నేనేమో చెప్పిన సంగతే మరిచిపోయి, దాన్ని చూసి మొహం తిప్పుకుంటూ ఉన్నాను.

నా పాఠం నేను చెప్పలేదు. దాని ముందు అది ఎందుకూ పనికిరాదనిపించింది. నా దగ్గర ఇప్పటికీ ఉన్న జవాబు అదే, తెలియదు. డాక్టరు దగ్గరా అదే ఉంది. పిల్లకు నేను ఇచ్చిన వాటిలో ఏది ఎప్పుడు లేస్తుందో, ఏది దాని జీవితమంతా నిద్రపోతుందో చూడగలిగే కన్ను ఎవరికీ లేదు. తల్లినై ఉండి ఈ విషయంలో నేను చేయగలిగింది ఏమీ లేదు. ఈ మాట రాయడం కష్టంగా ఉంది, కానీ ఇదే నిజం.

మరుసటి రోజు పొద్దున నేను వంటింట్లో ఉన్నాను. పావని తలుపు దగ్గర ఆగిన చప్పుడైంది. స్టవ్ కట్టేసి, తల తిప్పకుండా, ఇడ్లీ పాత్ర మూత పట్టుకునే అడిగాను.

"లేచిందా?"

ద్వారబంధం మీద వేళ్ళతో టక్‌మని కొట్టిన శబ్దం.

"లేచిందిమా. నీకు?"

తడి చెయ్యినే, మూత పట్టుకున్న చెయ్యినే, పైకెత్తి చూపించాను.